వేలు నొక్కితే పడే గుంట



సాయంత్రం పూట ఇంట్లో పెద్దావిడ మంచం మీద కాళ్ళు చాపుకొని, "ఏమిటోనమ్మా, పాదాలు బరువుగా ఉన్నాయి, పొద్దున పట్టిన చెప్పులు ఇప్పుడు పట్టడం లేదు" అంటుంది. కోడలు వంగి, చీలమండకు కాస్త పైన, ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది. వేలు తీసేసరికి అక్కడ గుంట. చపాతీ పిండిలో వేలు గుచ్చినట్టు ఆ గుంట కాసేపు అలాగే ఉండి, తర్వాత మెల్లగా పూడుతుంది. "నీరు పట్టిందత్తయ్యా" అంటుంది కోడలు. ఉప్పు మానెయ్యమని ఒకరు, బార్లీ నీళ్ళు తాగమని ఒకరు, తలా ఒక మాట చెబుతారు.

ఈ పూట నేను చెప్పబోయేది ఆ గుంట కథే. 18వ శతాబ్దంలో యూరప్ వైద్యులు దాన్ని చూసి ఏమనుకున్నారు, ఆ నీటిని దించడానికి ఏమేం చేశారు, ఎక్కడ తప్పారు, ఎక్కడ దారి దొరికింది అన్నది చెబుతాను.

ఇంగ్లీషువాళ్ళు ఈ జబ్బును డ్రాప్సీ అనేవారు. గ్రీకు భాషలో నీటికి ఉన్న మాటలోంచి పుట్టి, నోళ్ళలో నలిగి, ముందు భాగం అరిగిపోయి మిగిలిన పేరు అది. మనవాళ్ళు ఉబ్బు అన్నారు, శోథ అన్నారు, పొట్టలో చేరితే జలోదరం అన్నారు. ఇవాళ ఏ డాక్టరైనా ఒంటికి నీరు పడితే గుండె చూస్తాడు, కాలేయం చూస్తాడు, మూత్రపిండాలు చూస్తాడు. ఆ మూడింటిలో ఏదో ఒకటి మొరాయించిందని ఆ నీరు చెబుతోందని ఆయనకు తెలుసు. 18వ శతాబ్దంలో అలా కాదు. నీరే రోగం. లండన్ నగరంలో ఎవరు ఏ కారణాన చనిపోయారో అచ్చువేసే మరణాల పట్టికల్లో డ్రాప్సీకి విడిగా ఒక వరస ఉండేది. ఫలానా ఆయన ఎలా పోయాడు అంటే, డ్రాప్సీతో పోయాడు. అంతటితో ప్రశ్న ముగిసేది.

రోగం ఒకటే కాబట్టి దాన్ని చోటును బట్టి విడదీశారు. ఒళ్ళంతా ఉబ్బితే అనసార్కా. పొట్టలో చేరితే అసైటిస్. రొమ్ములో చేరితే హైడ్రోథోరాక్స్. ఎడింబరోలో విలియం కల్లెన్ అనే ప్రసిద్ధ ఆచార్యుడు ఉండేవాడు. మొక్కలను లినేయస్ జాతులుగా విడదీసినట్టు ఆయన 1769లో రోగాలన్నిటినీ తరగతులుగా విడదీసి పుస్తకం వేశాడు. అందులో డ్రాప్సీకి కూడా తన గూడు తనకు దొరికింది.

నీరు ఎందుకు చేరుతుంది అని అడిగితే ఆ కాలం వైద్యులు చెప్పే జవాబు వినడానికి బాగానే ఉంటుంది. ఒంట్లో సన్నని నాళాలు కొన్ని ఎప్పుడూ నీటిని ఊరిస్తూ ఉంటాయి. మరికొన్ని నాళాలు ఆ నీటిని పీల్చుకుంటూ ఉంటాయి. ఊట ఎక్కువై ఇంకు తగ్గితే చెరువు నిండినట్టు ఒళ్ళు నిండుతుంది. ఒంటి నరాలూ కండలూ సడలిపోవడమే దీనికి మూలం అనేవారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఊట ఎందుకు ఎక్కువైందన్న రెండో ప్రశ్నకు జవాబు ఉండేది కాదు. నిజానికి 1669లోనే రిచర్డ్ లోయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒక కుక్కలో, గుండెకు రక్తం చేర్చే పెద్ద సిరను దారంతో బిగించి కట్టాడు. కుక్క పొట్టలో నీరు చేరింది. రక్తం వెనక్కి తన్నితే నీరు బయటికి ఊరుతుందని ఆ ప్రయోగం చెబుతూనే ఉంది. వంద ఏళ్ళ తర్వాత కూడా రోగి మంచం దగ్గర నిలబడిన వైద్యుడికి ఆ సంగతి అక్కరకు రాలేదు.

మరి రోగిని ఎలా పరీక్షించేవారు? కళ్ళతో చూడటం, నాడి పట్టడం, వేలితో నొక్కి గుంట చూడటం. పొట్టలో నీరుందేమో అనుకుంటే ఒక పక్క అరచెయ్యి ఆనించి, రెండో పక్క వేళ్ళతో తట్టేవారు. తోలుతిత్తిలో నీళ్ళు కదిలినట్టు అల వచ్చి ఈ చేతికి తగిలితే నీరున్నట్టు. మూత్రం రోజుకు ఎంత వస్తోంది, రాత్రి పడుకోగలుగుతున్నాడా, లేక దిండ్లు పేర్చుకుని కూర్చునే తెల్లవారుస్తున్నాడా అని అడిగేవారు. డబ్బున్న రోగులైతే వైద్యుడికి ఉత్తరం రాసి, ఉత్తరంలోనే మందు తెప్పించుకునేవారు. కాళ్ళూ పొట్టా కంటికి కనిపిస్తాయి. రొమ్ములో చేరిన నీరు ఎవరికి కనిపిస్తుంది? పక్కటెముకల వెనక ఏముందో రోగి చనిపోయాక కోసి చూస్తేనే తెలిసేది.

ఇక్కడికి ఒక పూటకూళ్ళ ఇంటి కుర్రాడు వస్తాడు. పేరు లియోపోల్డ్ ఔయెన్‌బ్రుగ్గర్. ఆస్ట్రియాలోని గ్రాట్స్ ఊరు. తండ్రిది సత్రం. సత్రంలో పీపాల నిండా సారా ఉంటుంది. పీపాలో ఎంత మిగిలిందో తెలియాలంటే మూత తియ్యక్కర్లేదు, పైనుంచి కిందికి వేలితో తడుతూ వస్తే చాలు. ఖాళీ ఉన్నంత మేర గుల్లగా మోగుతుంది, సారా ఉన్న చోటికి రాగానే మొద్దుగా పలుకుతుంది. మన ఇళ్ళలో చీకటి గదిలో బియ్యం డబ్బా మీద తట్టి చూసే ఆడవాళ్ళకు ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ కుర్రాడు పెద్దవాడై వియన్నాలోని స్పానిష్ సైనిక ఆస్పత్రిలో వైద్యుడయ్యాడు. పీపా బదులు రోగి రొమ్ము మీద తట్టాడు.

ఏడేళ్ళపాటు పరిశీలించి 1761లో లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం వేశాడు. వంద పేజీలకు మించదు. పేరుకు అర్థం కొత్తగా కనుగొన్నది అని. ఆరోగ్యంగా ఉన్న రొమ్మును, చొక్కా మీదనో, చేతికి తొడుగు వేసుకునో వేళ్ళ కొసలతో తడితే ఉన్ని గుడ్డ కప్పిన డప్పులా పలుకుతుందట. నీరు చేరిన చోట తడితే తొడ కండ మీద తట్టినట్టు మొద్దుగా ఉంటుందట. ఆయన ఊరికే చెప్పి ఊరుకోలేదు. శవాల రొమ్ములోకి నీరు ఎక్కించి, నీరు ఎంత మట్టానికి వచ్చిందో అంత మట్టానికీ శబ్దం మారుతోందని రుజువు చేసుకున్నాడు.

వియన్నా పెద్దలు ఆ పుస్తకాన్ని పట్టించుకోలేదు. నలభై ఏడేళ్ళు గడిచాక, నెపోలియన్ వైద్యుడు కొర్విసార్ 1808లో దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చి, విస్తరించి, కీర్తి మొత్తం ఔయెన్‌బ్రుగ్గర్‌కే చెందాలని చెప్పాడు. మరుసటి ఏడే ఔయెన్‌బ్రుగ్గర్ కన్నుమూశాడు. ఇవాళ్టికీ మీ వీపు మీద ఎడమ చేతి వేలు ఆనించి, దాని మీద కుడి చేతి వేలితో డాక్టరు టకటకమని కొడుతున్నాడంటే, ఆ సత్రంలో పీపాల మీద నేర్చిన విద్యే అది.

సరే, నీరుందని తేలింది. తర్వాత ఏం చెయ్యాలి? ఆ రోజుల్లో జవాబు ఒక్కటే. నీటిని బయటికి తోలాలి, ఏ దారినైనా సరే. వాంతి చేయించడం, జలాపా వేరుతో బేదులు పట్టించడం, పాదరసం మందులు, చెమట పట్టించడం, చర్మం మీద మంట మందు వేసి బొబ్బలెక్కించి ఆ బొబ్బల్లోంచి నీరు కార్చడం, కాళ్ళ మీద గాట్లు పెట్టడం. మూత్రం జారీ చెయ్యడానికి సముద్రపు ఒడ్డున పెరిగే ఒక అడవి ఉల్లిగడ్డను పొడిగానో వెనిగర్‌లో నానబెట్టో ఇచ్చేవారు. ఇంగ్లీషులో స్క్విల్ అంటారు. దాని దగ్గరి చుట్టం మన నేలలో ఉంది, మన పల్లెల్లో నక్క ఉల్లిగడ్డ అని పిలుస్తారు. ఈ నక్క పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇవేవీ పని చెయ్యకపోతే పొట్టకు బెజ్జం. మూడంచుల మొన ఉన్న సూది, దాని చుట్టూ గొట్టం. పొట్టలో గుచ్చి సూది లాగేస్తే గొట్టంలోంచి నీరు తొట్టెలోకి కారుతుంది. ఈ పని యూరప్ కనిపెట్టింది కాదు. మన సుశ్రుత సంహితలో బొడ్డుకు కింద, ఎడమ పక్క, నాలుగు వేళ్ళ దూరంలో వడ్లగింజ మొన లాంటి వ్రీహిముఖమనే పనిముట్టుతో గుచ్చాలని ఉంది. నీరంతా ఒకేసారి తియ్యవద్దని, తీశాక పొట్టకు గట్టిగా కట్టు కట్టాలని కూడా ఉంది. ఆ రెండో మాట ఎంత విలువైనదో 18వ శతాబ్దపు లండన్ వైద్యులకు అనుభవం మీద తెలిసింది. నీరు గబగబా తీస్తే రోగి సొమ్మసిల్లేవాడు, ఒక్కోసారి చనిపోయేవాడు. పొట్ట మీది ఒత్తిడి ఒక్కసారి సడలడమే దానికి కారణమని గ్రహించి, నీరు కారుతున్నంతసేపూ చేతులతో పొట్టను అదిమి పట్టాలని, తర్వాత కట్టు బిగించాలని రిచర్డ్ మీడ్ అనే వైద్యుడు నేర్పాడు.

ఈ బెజ్జం వైద్యం ఎలా ఉండేదో తెలియాలంటే లండన్‌లో బన్‌హిల్ ఫీల్డ్స్ అనే పాత శ్మశానానికి వెళ్ళాలి. అక్కడ డేమ్ మేరీ పేజ్ అనే సంపన్నురాలి సమాధి ఉంది. 1728లో, 56వ ఏట పోయింది. రాతి మీద చెక్కిన లెక్క ఇది. 67 నెలల్లో 66 సార్లు ఆమె పొట్టకు బెజ్జం వేశారు. 240 గ్యాలన్ల నీరు తీశారు. మన లెక్కలో 900 లీటర్ల పైమాటే. సారికి 13, 14 లీటర్లు, అంటే ఒక నిండు బిందె. నెలకో బిందె చొప్పున అయిదున్నర ఏళ్ళు. ఆమె ఒక్కసారి కూడా సణగలేదని, సూదికి భయపడలేదని కూడా ఆ రాతి మీదే రాసి ఉంది. మత్తుమందు లేని కాలం అని గుర్తు చేసుకోండి. నీరు తీసిన మర్నాటి నుంచే మళ్ళీ ఊరడం మొదలు. కారే కుండ కింద గిన్నె మారుస్తూ పోయారే తప్ప కుండకు చిల్లి ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు.

చిల్లి పూడుద్దామని చూసిన ఒక సాహసి లేకపోలేదు. ఇంగ్లండులో ట్రూరో ఊరి సర్జను క్రిస్టఫర్ వారిక్. ఒకామె పొట్టలోంచి నీరు తీసేసి, ఆ ఖాళీలోకి ఎర్ర ద్రాక్షసారా, బ్రిస్టల్ ఊటనీరు సమపాళ్ళలో కలిపి ఎక్కించాడు. లోపలి పొరలు బిగుసుకుని ఊట ఆగుతుందని ఆయన ఆశ. ఆమె బతికి బాగుపడిందని 1744లో రాయల్ సొసైటీకి రాశాడు. రక్తపు ఒత్తిడిని మొదటిసారి కొలిచిన స్టీఫెన్ హేల్స్ అంతటివాడు ఆ వార్త చదివి, ఒక గొట్టంలోంచి నీరు పోతుంటే మరో గొట్టంలోంచి సారా వెళ్ళేట్టు చేస్తే రోగి సొమ్మసిల్లడు కదా అని సలహా ఇచ్చాడు. నవ్వు వస్తుంది కానీ, ఒత్తిడి సడలనివ్వకూడదన్న ఆలోచన మాత్రం సరైనదే.

ఇప్పుడు మనందరికీ పేరు తెలిసిన ఒక రోగి దగ్గరికి వెళదాం. డాక్టర్ శామ్యూల్ జాన్సన్. 1755లో ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన మహానుభావుడు. 1783 చలికాలంలో ఆయనకు ఉబ్బసంతో పాటు నీరు పట్టింది. ఇంట్లోంచి కదల్లేదు. లండన్‌లోని పెద్ద పెద్ద వైద్యులు స్నేహం కొద్దీ వచ్చి చూశారు. స్క్విల్ ఇచ్చారు. మూత్రం జారీ అవుతుందని ఎండబెట్టిన ఒక రకం పురుగులతో చేసిన మందు కూడా ఇచ్చారు. 1784 ఫిబ్రవరిలో ఒకనాడు ఉన్నట్టుండి 20 పింట్ల నీరు, అంటే తొమ్మిది లీటర్ల దాకా, మూత్రంగా పోయింది. ఆ రోజు ప్రార్థనలో గడిపిన జాన్సన్ దాన్ని దేవుడి దయగా తీసుకున్నాడు. వేసవికి తేరుకున్నాడు. శరత్తు వచ్చేసరికి మళ్ళీ కాళ్ళు నిండాయి.

డిసెంబరు వచ్చింది. చివరి రోజులు. సర్జను కాలి మీద గాటు లోతుగా పెట్టడానికి వెనకాడాడు. నాకు బతుకు కావాలి, నువ్వు నొప్పికి జంకుతావేం అన్న ధోరణిలో కసిరాడు జాన్సన్. 13వ తేదీన, పక్కనున్నవాళ్ళు వద్దంటున్నా, దుప్పటి కింద తానే కత్తి పెట్టుకున్నాడు, అది చాలక పక్కనున్న సొరుగులోంచి కత్తెర తీసి రెండు పిక్కల్లోనూ పొడుచుకున్నాడు. ఆ నీటిలోనే తన చావుందని ఆయన నమ్మకం. ఆ సాయంత్రమే పోయాడు. శవాన్ని కోసి చూస్తే గుండె బాగా పెద్దదై ఉంది, ఊపిరితిత్తులు ఉబ్బిపోయి ఉన్నాయి, ఒక మూత్రపిండం పాడైపోయి ఉంది. నీటిని పంపినవాళ్ళు లోపల ఉన్నారు. గాట్లు పడింది మాత్రం కాళ్ళ మీద.

జాన్సన్ పోయిన ఆరున్నర నెలలకు, 1785 జూలై 1వ తేదీ వేసిన ముందుమాటతో, బర్మింగ్‌హామ్ నుంచి ఒక పుస్తకం వెలువడింది. రాసింది విలియం విథరింగ్. 1741లో ష్రాప్‌షైర్‌లో పుట్టి, ఎడింబరోలో చదువుకుని, బ్రిటన్ మొక్కల మీద 1776లోనే పెద్ద గ్రంథం వేసిన వైద్యుడు. ఈ కొత్త పుస్తకం ఒకే ఒక మొక్క గురించి. ఇంగ్లీషులో ఫాక్స్‌గ్లవ్, అంటే నక్క చేతితొడుగు. చూశారా, మళ్ళీ నక్క వచ్చింది. మన ఊళ్ళలో పెరగదు. ఎలా ఉంటుందో చెప్పాలంటే, నువ్వు చేలో పువ్వు చూసే ఉంటారు. ఆ గంట లాంటి పువ్వునే ఇంకాస్త పెద్దది చేసి, ఊదారంగు పూసి, లోపల చుక్కలు పెట్టి, నిలువెత్తు కాడకు బారుగా వేలాడదీయండి. వేలు దూర్చితే తొడుగులా సరిపోతుంది. అందుకే లాటిన్‌లో వేలి పేరు మీద డిజిటాలిస్ అన్నారు.

విథరింగ్ దీన్ని ఎలా పట్టుకున్నాడు? 1775లో ఎవరో ఆయనకు ఒక కుటుంబం చిట్కా చూపించి అభిప్రాయం అడిగారు. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ దాన్ని రహస్యంగా ఉంచుకుని, చదువుకున్న వైద్యులు చేతులెత్తేసిన డ్రాప్సీ రోగులను ఒక్కోసారి బాగుచేసేదట. కషాయంలో ఇరవైకి పైగా మూలికలు. మొక్కలు తెలిసినవాడు కాబట్టి, పని చేస్తున్నది వాటిలో ఫాక్స్‌గ్లవే అయి ఉంటుందని ఆయన పట్టేశాడు. ఆ ముసలమ్మ పేరు ఆయన రాయలేదు. తర్వాత, 20వ శతాబ్దంలో, ఒక మందుల కంపెనీ ప్రకటన ఆమెకు ఒక పేరూ బొమ్మా పెట్టింది, పుస్తకాలన్నీ దాన్నే ఎత్తి రాసుకున్నాయి. పేరు దొరకని ఒక పల్లె మనిషి దగ్గర ఈ మందు మొదలైందన్నంత వరకే మనకు తెలుసు, అదే చాలు.

మందు తెలియడం వేరు, మోతాదు తెలియడం వేరు. ఈ ఆకు విషం. ఒకసారి ఏం జరిగిందో వినండి. 1776 జూలై. నలభై దాటిన ఒకావిడ. ఆమెను చూస్తున్న వైద్యుడు ఎరాస్మస్ డార్విన్, పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌కు తాతగారు. ఆయన విథరింగ్‌ను పిలిపించాడు. విథరింగ్ వెళ్ళేసరికి ఆవిడకు ఊపిరి అందడం లేదు. నాడి సన్నగా, గతి తప్పి కొట్టుకుంటోంది. మొహం పీక్కుపోయింది. చేతులు సీసం రంగుకు తిరిగి, చల్లగా, జిగటగా ఉన్నాయి. పడుకోలేదు. కాళ్ళూ పొట్టా నీరే. పచ్చి ఆకులు నాలుగు ఔన్సులు తీసుకుని, నీళ్ళలో సగానికి మరగబెట్టి, రెండు గంటలకోసారి ఇవ్వమన్నాడు. అయిదు మోతాదులు తీసుకునేసరికి ఆవిడకు విపరీతంగా వికారం చేసింది. కానీ ఇరవైనాలుగు గంటల్లో ఎనిమిది క్వార్టులకు పైగా నీరు, అంటే ఏడెనిమిది లీటర్లు, మూత్రంగా పోయింది. బతికింది. తొమ్మిదేళ్ళ తర్వాత పుస్తకం అచ్చయ్యేనాటికి కూడా బతికే ఉంది.

ఇక్కడ మరో వైద్యుడైతే అద్భుతం చేశానని చాటుకునేవాడు. విథరింగ్ ఏం రాశాడో తెలుసా? మొదట్లో నేను ఇచ్చిన మోతాదులు మరీ ఎక్కువ, ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ రోజులు ఇచ్చాను అని ఒప్పుకున్నాడు. వాంతి అయితేనే మందు పని చేస్తుందని మొదట అనుకున్నాడు, అది తప్పని తేల్చుకున్నాడు. వేరు బలం ఏడాది పొడుగునా మారుతూ ఉంటుందని గమనించి మానేశాడు. ఆకే తీసుకోవాలి, అదీ మొక్క పూతకొచ్చే రోజుల్లోనే కొయ్యాలి, ఎండలోనో పొయ్యి ముందు పళ్ళెంలోనో ఆరబెట్టి పొడి చెయ్యాలి. పెద్దవాళ్ళకు ఒకటి నుంచి మూడు గ్రెయిన్లు, రోజుకు రెండుసార్లు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, మన కంసాలి గురిగింజ ఎత్తులో దాదాపు సగం. నాలుగు ఔన్సుల ఆకు దగ్గర మొదలైనవాడు పదేళ్ళలో గురిగింజ ఎత్తుకు దిగాడు. నన్నడిగితే విథరింగ్ గొప్పతనమంతా ఆ దిగడంలోనే ఉంది.

ఎప్పుడు ఆపాలో కూడా చెప్పాడు. మూత్రం మీదో, కడుపు మీదో, నాడి మీదో, పేగుల మీదో మందు పని చేసిన మొదటి గుర్తు కనబడగానే ఆపెయ్యాలి. లేకపోతే వాంతులు, తల తిరుగుడు, చూసిన వస్తువులు పచ్చగానో పసుపుగానో కనిపించడం, నాడి నిమిషానికి 35కు పడిపోవడం, ఆపై మరణం. గుండె కదలిక మీద ఇంత పట్టున్న మందు మరొకటి చూడలేదని కూడా రాశాడు. అయినా దాన్ని మూత్రం జారీ చేసే మందుగానే భావించాడు. అసలు కిటుకు గుండెలో ఉందని ఆయన చేతి వేళ్ళకు తెలిసింది గానీ, ఆయన సిద్ధాంతానికి ఇంకా అందలేదు.

పుస్తకంలో 163 మంది రోగుల కథలు ఉన్నాయి. బాగుపడినవాళ్ళను మాత్రమే ఏరి వేస్తే తన పేరు మోగిపోయేదని, కానీ సత్యానికీ శాస్త్రానికీ అది న్యాయం కాదని ముందుమాటలో చెప్పి, ఫలించినవీ ఫలించనివీ, తగినవారికి ఇచ్చినవీ తగనివారికి ఇచ్చినవీ అన్నీ రాశాడు. అప్పటికే ఈ ఆకు ఊరూరా పాకింది. ఎరాస్మస్ డార్విన్ 1780లోనే, విథరింగ్ పేరెత్తకుండా, దీని మీద అచ్చువేశాడు. మిత్రులిద్దరికీ చెడింది. అజాగ్రత్తగా వాడి జనాన్ని చంపడమో, ఇది విషమని పారెయ్యడమో జరగకూడదనే తాను రాస్తున్నానని విథరింగ్ చెప్పుకున్నాడు.

ఆ వైఫల్యాలు రాసిపెట్టడం వల్లే ఒక గొప్ప సంగతి బయటపడింది. ఈ మందు ఎవరికి పని చేస్తుంది? నాడి బలహీనంగా, తప్పుతూ కొట్టుకుని, మొహం పాలిపోయి, పెదవులు నీలం తిరిగి, ఒళ్ళు చల్లబడి, వేలు నొక్కితే మెత్తగా గుంట పడేవాళ్ళకు బాగా పని చేస్తుంది. నాడి తాడులా బిగుసుకుని, పొట్ట రాయిలా గట్టిగా ఉన్నవాళ్ళకు ఆశ తక్కువ. ఇవాళ ఈ మాట ఏ గుండె డాక్టరుకు చదివి వినిపించినా, మొదటి వర్ణన గుండె నీరసించి లయ తప్పినవాడిదని వెంటనే చెబుతారు. డ్రాప్సీ ఒక రోగం కాదని, లోపల కనీసం రెండు మూడు రోగాలున్నాయని ఆ 163 కథలే చెబుతున్నాయి.

మరి మందు పని చెయ్యనివాళ్ళలో కొందరి సంగతేమిటి? దానికి జవాబు ఇరవై ఏళ్ళ ముందే ఇటలీలో అచ్చయి ఉంది. నేపుల్స్‌లో డొమెనికో కొటూన్యో అనే యువ వైద్యుడు. 28 ఏళ్ళ సైనికుడు ఒకడు ఒళ్ళంతా ఉబ్బి వచ్చాడు. అతని మూత్రాన్ని కొటూన్యో పొయ్యి మీద పెట్టాడు. సగం ఇగరకముందే మిగిలినది తెల్లగా, ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో పోతున్నాయన్నమాట. 1764లో ఆయన ఇది రాశాడు, అదీ తుంటినొప్పి మీద రాసిన పుస్తకంలో! వెతుక్కుని చదివేవాడెవడు? 1827లో లండన్‌లోని గైస్ ఆస్పత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, చెంచాలో మూత్రం పోసి కొవ్వొత్తి మీద వేడిచేసి, గడ్డకట్టినవాళ్ళు చనిపోయాక కోసి చూసి, వాళ్ళ మూత్రపిండాలు పాడైపోయి ఉన్నాయని చూపించాడు. అప్పటికి గాని డ్రాప్సీ అనే పెద్ద మూట విడలేదు. గుండె నీరు వేరు, మూత్రపిండాల నీరు వేరు, కాలేయపు నీరు వేరు అని తేలాక, రోగం పేరుగా డ్రాప్సీ మెల్లగా పుస్తకాల్లోంచి తప్పుకుంది.

విథరింగ్ 1799లో క్షయతో పోయాడు. ఎడ్జ్‌బాస్టన్ చర్చిలో ఆయన స్మారకఫలకం మీద ఫాక్స్‌గ్లవ్ పువ్వు చెక్కి ఉంది. ఆయన భయపడినట్టే తర్వాతివాళ్ళు ఆ ఆకును కనపడ్డ ప్రతి జబ్బుకూ వాడి, పేరు చెడగొట్టారు. 20వ శతాబ్దంలో గుండె లయను కొలవడం వచ్చాకనే దానికి సరైన చోటు దొరికింది. 1930లో దాని తోబుట్టువు లాంటి మరో మొక్కలోంచి డిగాక్సిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది ఇవాళ్టికీ మందుల షాపుల్లో ఉంది. 6,800 మంది రోగుల మీద జరిపి 1997లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, డిగాక్సిన్ మరణాలను తగ్గించలేదు గానీ ఆస్పత్రి పాలయ్యే అవసరాన్ని తగ్గించిందని తేలింది. దానికంటే మంచి మందులు వచ్చాయి, దాన్ని రెండో వరసలోకి జరిపాయి. అలా జరుపుతూ పోవడమే వైద్యం.

శ్రోతలారా, చివరిగా ఒక హెచ్చరిక, ఒక మనవి. మన పెరళ్ళలో పూసే పచ్చగన్నేరులో ఉన్నది ఫాక్స్‌గ్లవ్ జాతి విషమే. నక్క ఉల్లిగడ్డలోనూ అదే కోవ పదార్థాలు ఉన్నాయి. పచ్చగన్నేరు గింజలు తిని ఆస్పత్రికి వచ్చినవాళ్ళ గుండె, డిజిటాలిస్ మోతాదు మించినవాళ్ళ గుండెలాగే లయ తప్పుతుంది. పసరుతో నీరు దిగుతుందని ఎవరైనా చెబితే, విథరింగ్ అంతటివాడికి సరైన మోతాదు కనుక్కోవడానికి పదేళ్ళు పట్టిందని గుర్తు చేసుకోండి.

మనవి ఇది. రేపు మీ ఇంట్లో పెద్దవాళ్ళ కాలి మీద వేలు నొక్కి చూడండి. గుంట పడితే, నీరు పోయే మాత్ర ఇవ్వమని షాపులో అడక్కండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఈ నీరు గుండె నుంచా, మూత్రపిండాల నుంచా, కాలేయం నుంచా అని అడగండి. జాన్సన్ మంచం చుట్టూ అంతమంది వైద్యులున్నా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఇవాళ ఒక మూత్ర పరీక్ష, ఒక రక్త పరీక్ష, ఒక ఈసీజీ చాలావరకు ఆ జవాబు చెబుతాయి.